త్రోవ చూపేవాడు

(గద్యభాగం – యాత్రావ్యాసం)

పాఠ్యభాగ పరిచయం

ప్రయాణంలో చూసిన విశేషాలను, కలిగిన అనుభవాలను, వాటినుండి పుట్టిన ఆలోచనలను క్రమబద్ధంగా వివరించే రచన యాత్రావ్యాసం. తెలుగులో యాత్రాచరిత్ర అనగానే ఏనుగుల వీరాస్వామయ్య రచించిన 'కాశీయాత్ర చరిత్ర' గుర్తుకు వస్తుంది. అది 1838లో అచ్చయింది. ఆ గ్రంథం తరువాత తెలుగులో ఈ ప్రక్రియ అనేక శాఖలుగా విస్తరించింది.

ఉద్దేశం

పరాయిచోటికి వెళ్ళినపుడు దర్శనీయస్థలాలను స్వయంగా చూడడం మేలా, మార్గదర్శకుని వెంట చూడడం మేలా అనే ప్రశ్నను విద్యార్థులు తామే తర్కించి తేల్చుకొనేటట్లు చేయడం, కథకు చరిత్రకు గల భేదాన్ని గుర్తింపజేయడం, శ్రమించి విద్య చెప్పే ప్రతివ్యక్తి పట్ల గౌరవం కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

1

అనంతపురం పీఠభూమిలో పుట్టినవారికి ప్రయాణం కొత్త కాదు. సంవత్సరానికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల ఇది. దేశంలో జైసల్మేరు తరువాత మిక్కిలి తక్కువ వర్షపాతం గల జిల్లాగా దీనికి పేరు. వేరుశనగ చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి బెంగళూరుకు పోయే కుటుంబాలు మా ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. కొందరు గల్ఫ్ దేశాలకు కూడ వెళ్ళారు. అయితే అవన్నీ పొట్టకూటి ప్రయాణాలు. కేవలం చూడడం కోసం, తెలుసుకోవడం కోసం చేసే ప్రయాణం మా ఇళ్ళలోకి చాల ఆలస్యంగా వచ్చింది.

అందువలననే మాలో ఒక అలవాటు పాతుకొనిపోయింది. యాత్రకు బయలుదేరితే ప్రతి రూపాయిని రెండుసార్లు లెక్క చూసికొంటాము. బస్సు కూలి తప్పదు, భోజనం తప్పదు. కాని గుడి గడపవద్ద నిలబడి "చూపిస్తాను రండి" అని పిలిచే మనిషికి డబ్బు ఎందుకివ్వాలి? చూడడానికి మనకు కళ్ళు లేవా? చదవడానికి చదువు లేదా? ఈ ప్రశ్న నన్ను చిన్ననాటినుండి వెంబడించింది. దానికి సమాధానం కొంత లేపాక్షిలోను, కొంత పొరుగుదేశంలోను నాకు దొరికింది.

2

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నలుగురు మిత్రులం కలిసి లేపాక్షికి వెళ్ళాము. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరు అప్పటికి అనంతపురం జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి అది తరువాత చేరింది. గుడి ముందు బస్సు దిగగానే ఒక నడివయసు మనిషి మా దగ్గరకు వచ్చాడు. భుజంమీద తువాలు, కాళ్ళకు దుమ్ము పట్టిన చెప్పులు.

"ఏమప్పా, గుడి చూపిస్తా, రమ్మంటారా?" అని అడిగాడు.

"వద్దులే అన్నా, మేమే చూసుకుంటాము" అని నేనే ముందు పలికాను. అతడు మారుమాట్లాడకుండ వెళ్ళి వేపచెట్టు నీడలో కూర్చున్నాడు.

మేము ముప్పావుగంటలో అంతా చూశామనుకొన్నాము. నేలకు పూర్తిగా ఆనని స్తంభం క్రింద కాగితాన్ని అటునుండి ఇటు లాగాము. ఏడు పడగల నాగలింగం ముందు కాసేపు నిలబడ్డాము. ఏకశిలలో మలచిన బసవన్న దగ్గరకు వెళ్ళి, సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు గల ఆ విగ్రహం మెడలోని గంటలను, గొలుసులను తడిమి చూశాము. సాయంకాలానికి ఇల్లు చేరాము.

రాత్రి భోజనాలవేళ మా అవ్వ అడిగింది. ఆమెకు అక్షరం రాదు. చిన్నప్పుడెప్పుడో ఎడ్లబండిలో లేపాక్షి తిరునాళ్ళకు వెళ్ళి వచ్చిందట.

"గుడి చూసినావా నాయనా?"

"చూసినాను అవ్వా. వేలాడే స్తంభం, నాగలింగం, బసవన్న అన్నీ చూసినాను."

"తల ఎత్తి చూసినావా నాయనా?"

నాకు ఆ మాట అర్థం కాలేదు. అవ్వ నవ్వి, "మండపం కప్పు మీద బొమ్మలుంటాయి కదా. పార్వతమ్మ పెండ్లి, ద్రౌపదమ్మ స్వయంవరం, ఆవు దూడ కథ. మా తాత నన్ను భుజాన ఎత్తుకొని ఒక్కొక్క బొమ్మకు కథ చెప్పినాడు. తల ఎత్తకపోతే గుడి సగమే చూసినట్లు" అన్నది.

నేను అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకొని కూర్చున్నాను. పదునొకండు సంవత్సరాలు బడిలో చదివిన నేను చూడనిది, చదువురాని అవ్వ చూసింది. ఆమెకు భుజాన ఎత్తుకొని చూపించిన మనిషి ఉన్నాడు. నేను అట్టివానిని గుమ్మంలోనే వద్దన్నాను.

3

అధ్యాపకుడనైన తరువాత మరల లేపాక్షికి వెళ్ళాను. ఈసారి గుమ్మంవద్ద ఉన్న వ్యక్తిని నేనే పిలిచాను. మునుపటి మనిషి కాదు, యువకుడు. మూడు ఎకరాల మెట్టచేను ఉందనీ, బోరులో నీరు అడుగంటిన తరువాత ఈ పని పట్టుకొన్నాననీ నడుస్తూ చెప్పాడు. "వాన రాకపోయినా గుడి ఎండిపోదు కదా సార్" అన్నాడు.

అతడు మొదట నన్ను మండపం నడుమ నిలబెట్టి తల ఎత్తమన్నాడు. అచ్యుతదేవరాయల కాలంలో, అనగా 1529 నుండి 1542 వరకు గల పాలనాకాలంలో, పెనుగొండలో విజయనగర రాజోద్యోగిగా ఉన్న విరూపణ్ణ తన సోదరుడు వీరణ్ణతో కలిసి ఈ వీరభద్రాలయాన్ని విస్తరించి కట్టించాడు. కప్పు మీద కిరాతార్జునీయ ఘట్టాలున్నాయి. పార్వతీకల్యాణం ఉన్నది. దూడను కోల్పోయిన ఆవుకు న్యాయం చేయడానికి కన్నకొడుకునే శిక్షించిన మనునీతి చోళుని కథ ఉన్నది. పొడవైన కుళ్ళాయిలు ధరించిన పురుషులు, రకరకాల అంచుల చీరలు కట్టిన స్త్రీలు వరుసలు తీరి నిలిచారు. ఆ కాలపు వస్త్రాలు ఎట్లుండేవో తెలుసుకోవాలంటే ఈ కప్పే ఒక పాఠ్యపుస్తకం. నేటికీ నేతగాండ్రు, అద్దకంపనివారు వాడుకొనే 'లేపాక్షి నమూనాలు' ఈ ఆలయ శిల్పాలనుండి, చిత్రాలనుండి వెలువడినవే.

తరువాత అతడు నన్ను ఒక గోడవద్దకు తీసికొనిపోయి ఎఱ్ఱని మరకలు చూపాడు. అనుమతి లేకుండ ఖజానా ధనం ఖర్చు చేశాడని నింద పడగా, విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి ఈ గోడకు విసరికొట్టాడనీ, ఆ కారణంగా ఈ ఊరికి 'లేపాక్షి' అని పేరు వచ్చిందనీ చెప్పాడు. వెంటనే మరొక కథ చెప్పాడు. రావణునితో పోరాడి రెక్కలు తెగి పడిన జటాయువును శ్రీరాముడు "లే పక్షీ" అని పిలిచాడనీ, అదే ఊరిపేరైనదనీ దాని సారాంశం.

"ఒక ఊరికి రెండు కారణాల పేరెట్లు వస్తుంది?" అని అడిగాను.

అతడు నవ్వాడు. "రెండూ మా పెద్దలు చెప్పిన కథలే సార్. శాసనంలో ఉన్నది వేరు. విరూపణ్ణ కట్టించినాడన్నది చరిత్ర. కండ్లు పెరుక్కొన్నాడన్నది జనం మాట. కథకు కథ విలువ, శాసనానికి శాసనం విలువ" అన్నాడు.

మంచి మార్గదర్శకుని లక్షణం నాకు ఆనాడు తెలిసింది. కథలు చెప్పడం ఎవరికైనా చేతనవును. ఏది కథయో, ఏది సాక్ష్యం గల సంగతియో విడదీసి చెప్పడం విద్య. వేలాడే స్తంభాన్ని ఒక ఆంగ్లేయ ఇంజనీరు కదిలించబోయాడనే కథను కూడ అతడు "అట్లంటారు" అనే చెప్పాడు తప్ప "అట్లే జరిగింది" అనలేదు.

4

త్రోవ చూపేవాని అవసరం సామాన్యులకే అనుకోరాదు. ఈ సీమ చరిత్రలోనే దానికి నిదర్శనం ఉన్నది. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన పిమ్మట ఇది దత్తమండలాలలో భాగమైంది. దక్షిణాపథంలో భూములను కొలిచి, శాసనాలను, స్థానిక చరిత్రలను సేకరించిన కాలిన్ మెకంజీకి దేశభాషలు రావు. ఏలూరు ప్రాంతానికి చెందిన కావలి వెంకట బొఱ్ఱయ్య అతనికి దారి చూపాడు. గ్రామాలకు ముందుగా వెళ్ళి కరణాలతోను, పండితులతోను, అర్చకులతోను మాట్లాడి వారి నమ్మకం సంపాదించాడు. పాతలిపులు చదివాడు. చిన్నవయసులోనే, 1803లో, బొఱ్ఱయ్య మరణించగా అతని సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. భారతీయ విజ్ఞానపు ద్వారం తనకు తెరుచుకొన్నది బొఱ్ఱయ్య వలననే అని మెకంజీ తరువాత కృతజ్ఞతతో వ్రాసికొన్నాడు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ పదవి పొందినవాడు మెకంజీ. నేడు మనం కైఫీయతులని పిలుచుకొనే గ్రామచరిత్రల వెనుక కావలి సోదరుల కాలినడక ఉన్నది.

దీనికి భిన్నమైన దారి ఏనుగుల వీరాస్వామయ్యది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేశాడు. ఒకరి మాటను మరొకరికి తెలిపే పనిలో ఆరితేరినవాడు. 1830 మే 18న పెద్ద పరివారంతో చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిపొడవున ఏ మజిలీలో నీరు దొరుకుతుంది, ఏ ఊరిలో దినుసులు లభిస్తాయి, దారి ఎట్టిది, జనుల ఆచారాలెట్టివి అన్నవి స్వయంగా చూసి, అడిగి వ్రాసికొన్నాడు. ఆయన తన కన్నులనే నమ్ముకొన్నాడు. అయినా ఊరూరా స్థలజ్ఞులను విచారించడం మానలేదు. చివరకు ఆయన వ్రాసిన గ్రంథమే తరువాతివారికి మార్గదర్శి అయినది.

ఈ ఇద్దరి జీవితాలు ఒక సత్యాన్ని చెబుతాయి. మనకు భాష తెలియనిచోట మనిషి కావాలి. భాష తెలిసినచోట అడిగే నోరు, వ్రాసికొనే అలవాటు ఉంటే చాలు. అయితే విదేశంలో మన పరిస్థితి మెకంజీదా, వీరాస్వామయ్యదా?

5

కొంతకాలం క్రితం ఇద్దరు సహాధ్యాపకులతో కంబోడియా దేశంలోని అంగ్‌కోర్ వాట్ చూడడానికి వెళ్ళాను. 12వ శతాబ్ది పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువుకై నిర్మింపజేసిన ఆ ఆలయం ఉన్న అంగ్‌కోర్ ప్రాంతం 1992లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. ఒకరోజు ప్రవేశపత్రం ధర 2017 ఫిబ్రవరిలో 20 డాలర్లనుండి 37 డాలర్లకు పెరిగింది. దానికి తోడు మార్గదర్శకునికి వేరే ఇవ్వాలి. సియంరీప్ పట్టణంలో బస చేసిన రాత్రి మాలో వాదం మొదలైంది.

ఒక మిత్రుడు, "భారత రామాయణాలు మనకంటె బాగా ఎవరికి తెలుసు? మన కథను మనకే ఇంకొకడు చెప్పాలా? ఆ డబ్బుతో ఇంటికి ఏదైనా కొనిపోవచ్చు" అన్నాడు. రెండవ మిత్రుడు, "ఇంతదూరం వచ్చినది రాళ్ళు చూడడానికా? వాళ్ళ దేశం సంగతి వాళ్ళ నోట వినవద్దా?" అన్నాడు. ఇద్దరి మాటలోను న్యాయం కనిపించింది. చివరకు రెండు దినాల కార్యక్రమాన్ని పంచుకొన్నాము. మొదటి దినం గుర్తింపు కలిగిన మార్గదర్శకుని వెంట, రెండవ దినం మా అంతట మేము.

మరునాటి ఉదయం ఆలయంలోకి అడుగుపెట్టగానే మేము అలవాటు చొప్పున ఎడమవైపుకు తిరిగి ప్రదక్షిణం మొదలుపెట్టబోయాము. మార్గదర్శకుడు చేయి అడ్డంపెట్టి ఆపాడు. ఆ ఆలయం పడమటి ముఖంగా ఉన్నది. గోడలమీది శిల్పకథలు మన ప్రదక్షిణానికి ఎదురుదిశలో, పడమటినుండి దక్షిణానికి, అక్కడినుండి తూర్పుకు సాగుతాయి. మా అలవాటు ప్రకారం నడిచి ఉంటే కథను చివరినుండి మొదటికి చదివేవారము. ఈ అపసవ్య క్రమాన్ని బట్టి ఆలయానికి రాజు అంత్యక్రియలతో సంబంధం ఉన్నదని కొందరు పండితులు భావిస్తారని అతడు చెప్పాడు. పితృకర్మలలో మనం అపసవ్యం పాటించడం మాకు చప్పున స్ఫురించింది. అతడు చెప్పిన సంగతికి మా ఇంటి ఆచారం వెలుగు చూపింది.

కుడివైపు గోడమీద కురుక్షేత్ర యుద్ధం. ఇరువైపులనుండి సేనలు కదలివచ్చి నడుమ ఢీకొంటున్నాయి. ఎన్నో దేశాల యాత్రికులు మార్గదర్శకుల మాట కోసం ఎదురుచూస్తూ ఉండగా, మేము ముగ్గురం ఒక్కసారిగా "భీష్ముడు!" అన్నాము. శరతల్పంమీద పండుకొన్న పితామహుని గుర్తించడానికి మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మార్గదర్శకుడు ఆశ్చర్యపడి, "ఈ కథను మీ ఊళ్ళో ఎట్లు చెప్పుకొంటారు?" అని మమ్మల్నే అడిగాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలతో భారత రామాయణాలు ఆడే కళాకారుల సంగతి చెప్పాము. కంబోడియాలోను తోలుబొమ్మలాట ఉన్నదనీ, దానిని 'స్బెక్ థోమ్' అంటారనీ, రామకథనే ఆడతారనీ అతడు చెప్పాడు. ఆ కొద్దిసేపు ఎవరు ఎవరికి త్రోవ చూపుతున్నారో తెలియలేదు.

తూర్పు గోడమీది సముద్రమథనం సుమారు 49 మీటర్ల పొడవు. 92 మంది అసురులు, 88 మంది దేవతలు వాసుకిని లాగుతున్నారు. అడుగున కూర్మం. లేపాక్షి గుడి ఉన్న కొండకు కూర్మశైలమని పేరు. ఇంతదూరం వచ్చి మా కొండను తలచుకొన్నాము.

మధ్యాహ్నం చెట్టునీడలో కూర్చున్నపుడు అతడు పుస్తకాలలో తక్కువగా దొరికే మాట ఒకటి చెప్పాడు. 1975 నుండి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో తన కుటుంబంలోని పెద్దలను కోల్పోయామనీ, పాతకథలు చెప్పేవారే ఇంట మిగలలేదనీ, తాను ఈ గోడల కథలను పెద్దయిన తరువాత పుస్తకాలు చూసి నేర్చుకొన్నాననీ అన్నాడు. నాకు మా అవ్వ గుర్తుకు వచ్చింది. ఆమెను భుజాన ఎత్తుకొని చూపించిన తాత ఉన్నాడు. ఇతనికి ఆ భుజం లేకపోయింది. అయినా తాను నేర్చి, నేడు పరదేశీయులకు చూపుతున్నాడు. ఆ మాటకు మేమిచ్చిన రుసుము ఏపాటిది?

రెండవ దినం ఎవరూ లేకుండ తిరిగాము. సూర్యోదయానికి ముందే కోనేటి గట్టున కూర్చున్నాము. ఒక్క శిల్పం ముందే అరగంట నిలబడ్డాము. సంతలో చేతిసైగలతో బేరమాడి పనసతొనలు కొన్నాము. ఒకసారి దారి తప్పాము. చేతులు జోడించి నమస్కరించిన ఒక ముదుసలి మమ్మల్ని వెంటబెట్టుకొని రహదారిదాక వచ్చి దిగబెట్టింది. ఆ తీరిక, ఆ చనువు మొదటి దినం దొరకలేదు. అట్లే, మొదటి దినం విన్నది లేకపోతే రెండవ దినం చూసినదానికి అర్థం ఉండేది కాదు.

6

విద్యార్థులారా! రేపు మీలో ఎందరో ఉన్నతవిద్య కోసమో, ఉద్యోగం కోసమో విదేశాలకు వెళ్ళవచ్చు. అప్పుడు ఈ ప్రశ్న మీకూ ఎదురవుతుంది. తేల్చుకోవడానికి కొన్ని సూత్రాలు ఉపకరిస్తాయి.

మొదటిది కాలం. ఒక విశాలమైన స్థలంలో మీకున్నది కొన్ని గంటలే అయితే, ఏది ముందు చూడాలో తెలిసిన మనిషి వెంట ఉండడం మేలు. నాలుగు దినాలున్నచోట స్వయంగా తిరగడానికి వ్యవధి ఉంటుంది.

రెండవది స్థలస్వభావం. వస్తువుల ప్రక్కన వివరణ ఫలకాలున్న ప్రదర్శనశాలలు, ఉద్యానాలు, సంతలు, నగరవీథులు స్వయంగా చూడదగినవి. శిథిలాలయాలు, కోటలు, యుద్ధభూములు మాట్లాడవు. వాటి తరఫున మాట్లాడేవారు కావాలి.

మూడవది భద్రత. అడవులలో, ఎడారులలో, పర్వతాలలో దారి తెలియక తిరగడం సాహసం కాదు, అవివేకం. కంబోడియాలోనే మారుమూల ప్రాంతాలలో యుద్ధకాలపు మందుపాతరలు ఇంకను మిగిలి ఉన్నందున నడచిన దారి విడిచిపోరాదని హెచ్చరిస్తారు. ఇట్టిచోట్ల త్రోవ చూపేవాడు ప్రాణరక్షకుడు.

నాలుగవది ఆచారం. ఎక్కడ చెప్పులు విడవాలి, ఎక్కడ భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, ఎవరి ఛాయాచిత్రం తీయరాదు అన్నవి తెలియక చేసిన తప్పు మన దేశానికే మాట తెస్తుంది.

ఐదవది ధనం. ఒక్కరికి భారమైన రుసుము ఐదుగురు పంచుకొంటే తేలికవుతుంది. అయితే ముందే మాట్లాడుకోవాలి. ఎన్ని గంటలు, ఏయే స్థలాలు, ఏ భాష, ఎంత రుసుము అన్నవి బయలుదేరకముందే స్పష్టం చేసికోవాలి. ఆ దేశపు ప్రభుత్వం గాని, అధికార సంస్థ గాని ఇచ్చిన గుర్తింపుపత్రం చూపమని అడగడం తప్పు కాదు. చరిత్ర కంటె దుకాణాలను ఎక్కువగా చూపేవాడు మీవద్ద తీసికొన్నది గాక దుకాణంవద్ద మరికొంత తీసికొంటాడని గ్రహించాలి. మర్యాదగా, స్థిరంగా "వద్దు" అనడం యాత్రికుడు నేర్వవలసిన మొదటి విద్య.

నేడు చేతిలోని ఫోను పటం చూపుతుంది, పరభాషను తర్జుమా చేస్తుంది, శిల్పం పేరు కూడ చెబుతుంది. దానిని వాడుకోవలసినదే. కాని మీరు అడిగినదానికి మాత్రమే అది బదులిస్తుంది. తల ఎత్తకుండ వెళ్ళిపోతున్న యాత్రికుని భుజం తట్టి ఆపడం దానికి చేతకాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పూర్వసిద్ధత. ఏమీ చదవకుండ వెళ్ళినవానికి మార్గదర్శకుని మాటలన్నీ ఒకే తీరుగా వినబడతాయి. కొంత చదివి వెళ్ళినవాడు ప్రశ్న అడుగుతాడు. ప్రశ్న అడిగేవాని ముందు మార్గదర్శకుడు కూడ జాగ్రత్తగా, ఉత్సాహంగా చెబుతాడు. స్వయంగా తిరిగేవానికీ ఆ చదువే తోడు.

7

2022లో లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలానంది యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరాయి. దూరదేశాలవారు వచ్చి మన గుమ్మంలో నిలబడినపుడు మనమే వారికి త్రోవ చూపవలసినవారము. వారు మన భాష రానివారు, మన ఆచారం తెలియనివారు. అంగ్‌కోర్‌లో మేమున్న స్థితిలో ఇక్కడ వారుంటారు. తాడిపత్రి శిల్పాలు, పెనుగొండ కోట, గుత్తి దుర్గం, తిమ్మమ్మ మఱ్ఱిమాను మన చుట్టూ ఉన్నాయి. వానను నమ్ముకొన్న చేను ఎండవచ్చు గాని, చక్కగా నేర్చిన చరిత్ర, నిజాయితీగా చెప్పిన కథ ఏ కరవుకూ ఎండవు. ఆ పనిని చిన్నచూపు చూడరాదు. అది గురువృత్తిలో ఒక శాఖ.

నేను గుమ్మంలో వద్దన్న ఆ తువాలు మనిషి నాకు మరల కనిపించలేదు. లేపాక్షికి విద్యార్థులను తీసికొని వెళ్ళిన ప్రతిసారీ ఆ వేపచెట్టు వైపు చూస్తాను. పిల్లలను ముందుగా ఒక గంట స్వేచ్ఛగా తిరగనిస్తాను. ఏమి చూశారో వ్రాసికొమ్మంటాను. తరువాత మార్గదర్శకుని పిలిచి, అందరినీ మండపం నడుమ నిలబెడతాను. వాళ్ళ కాగితాలలో లేనిదేదో అతడు చూపుతాడు. అతడు చూడనిదేదో ఒక్కొక్కసారి వాళ్ళ కాగితాలలో ఉంటుంది.

ఇంటికి తిరిగి వెళ్ళేటపుడు మాత్రం వాళ్ళను నేను ఒకే ప్రశ్న అడుగుతాను. అది నాది కాదు, మా అవ్వది.

"తల ఎత్తి చూసినావా నాయనా?"

కఠినపదాలు – అర్థాలు

పీఠభూమి = చుట్టుప్రక్కల నేలకంటె ఎత్తుగా ఉండే విశాలమైన సమతలం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
ద్విభాషి = ఒక భాషలోని మాటను మరొక భాషలో తెలిపేవాడు
స్థలజ్ఞుడు = ఆ ప్రదేశాన్ని బాగుగా ఎరిగినవాడు
కైఫీయతు = గ్రామచరిత్రను తెలిపే వ్రాత
అపసవ్యం = ప్రదక్షిణానికి ఎదురైన క్రమం
శరతల్పం = బాణాల పడక
కుళ్ళాయి = తలకు ధరించే పొడవాటి టోపీ
రుసుము = పనికి చెల్లించే సొమ్ము
పూర్వసిద్ధత = ముందుగా తయారుకావడం

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.

1. లేపాక్షికి చేసిన రెండు ప్రయాణాలలో రచయిత పొందిన అనుభవాలను పోల్చి వివరించండి.
2. అంగ్‌కోర్ వాట్‌లో మార్గదర్శకుని అవసరం ఎక్కడ కలిగింది? ఎక్కడ కలుగలేదు? పాఠం ఆధారంగా చర్చించండి.
3. విదేశంలో స్వయంగా చూడడమా, మార్గదర్శకుని ఏర్పరచుకోవడమా అని నిర్ణయించుకోవడానికి రచయిత సూచించిన అంశాలేవి? వాటిలో మీరు అంగీకరించనిది ఉంటే కారణం తెల్పండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.

1. మెకంజీకి కావలి సోదరులు చేసిన సాయం ఎట్టిది?
2. వీరాస్వామయ్య యాత్రావిధానాన్ని వివరించండి.
3. లేపాక్షి అనే పేరుకు జనం చెప్పుకొనే కథలేవి? వాటిని గురించి యువకుడు ఏమన్నాడు?
4. మార్గదర్శకునితో ముందుగా మాట్లాడుకోవలసిన విషయాలేవి?

III. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.

1. "వాన రాకపోయినా గుడి ఎండిపోదు కదా సార్."
2. "కథకు కథ విలువ, శాసనానికి శాసనం విలువ."
3. "తల ఎత్తి చూసినావా నాయనా?"

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. వీరాస్వామయ్య కాశీయాత్రకు ఎప్పుడు బయలుదేరాడు?
2. లేపాక్షి ఆలయాన్ని విస్తరించి కట్టించినవారెవరు?
3. అంగ్‌కోర్ ప్రాంతం ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో ఎప్పుడు చేరింది?
4. 'స్బెక్ థోమ్' అనగా ఏమి?

V. భాషాంశాలు

సంధులు: విడదీసి, సంధి పేరు తెల్పండి.
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
అభ్యాసం: వీరభద్రాలయం, సహాధ్యాపకుడు, రాజోద్యోగి

సమాసాలు: విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెల్పండి.
సముద్రమథనం = సముద్రం యొక్క మథనం – షష్ఠీ తత్పురుష సమాసం
భారత రామాయణాలు = భారతమును, రామాయణమును – ద్వంద్వ సమాసం
అభ్యాసం: నాలుగు దినాలు, అవివేకం, గురువృత్తి

ప్రాజెక్టు పని

మీ ఊరికి దగ్గరలోని గుడిని గాని, కోటను గాని, చెరువును గాని చూసి రండి. మొదట స్వయంగా చూసి గమనించినవి వ్రాయండి. తరువాత ఆ ఊరి పెద్దలలో ఒకరిని అడిగి తెలుసుకొన్నవి వ్రాయండి. వాటిలో కథలేవో, సాక్ష్యం గల విషయాలేవో రెండు వరుసలుగా విభజించి తరగతిలో చదివి వినిపించండి.